ఓబులమ్మ వేసిన గోడ

ఆ గోడ మీది బొమ్మ వేసింది దొరసాని కాదు, మా అమ్మ. ఈ ఒక్క ముక్క ముందు రాసేస్తే తప్ప మిగిలినది రాయడానికి నా చెయ్యి కుదురుగా ఉండేట్టు లేదు. పోయిన నెల ఒక మధ్యాహ్నం మా ఊరి చర్చి నుంచి ముగ్గురు కడపలో మా ఇంటికి వచ్చారు. ఒకాయన కొత్తగా వచ్చిన పాస్టరు, కుర్రవాడు. రెండో ఆయన సంఘపెద్ద ప్రకాశం, నా దగ్గర మూడో తరగతి చదువుకున్నవాడే. మూడో ఆయన ఎక్కడో కాలేజీలో బొమ్మలు వేయడం నేర్పే మాస్టారట, మెడలో కెమెరా. పాత చర్చిని పెద్దది చేస్తున్నారనీ, ప్రసంగం చెప్పే బల్ల వెనక గోడ గీకుతుంటే సున్నం కింద రంగులు బయటపడ్డాయనీ చెప్పి, నా ముందు ఒక ఆహ్వానపత్రిక పెట్టారు. నిగనిగలాడే కాగితం. 'దొరసానిగారు చిత్రించిన అపురూప చిత్రం ఆవిష్కరణ' అని బంగారు రంగు అక్షరాలు. దొరసాని అంటే అప్పటి కడప మిషను దొర భార్య. వాటి కింద కొత్త కట్టడానికి విరాళం ఇస్తున్న దాత పేరు. ఆ దాత మా ఊరి పెద్దరెడ్డి మనుమడు. మా పల్లె నుంచి మొట్టమొదట టీచరైన మనిషిని గనుక ఆ రోజు నాకు శాలువా కప్పుతారట. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అక్షరాలు మారలేదు.

"దొరసాని ఏసిందని ఎవురు చెప్పినారు ప్రకాశం?" అని అడిగాను.

"ఒకరు చెప్పేదేముండాది టీచరమ్మా. అంత పనితనం ఆ కాలంలో ఇంకెవురికొస్తాది? మన పల్లెలో కుంచె పట్టేది ఎవురికి తెలుసు?" అన్నాడు.

మాస్టారు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ప్రభువు ముఖం దగ్గర పదకొండు పొరలు ఉన్నాయమ్మా. చిన్న కత్తితో గీకి లెక్కపెట్టాను. ఒక్కో పొర ఉల్లిపొర కంటే పలచన. బాగా శిక్షణ పొందిన చెయ్యి ఇది. విదేశాల్లో నేర్చుకుని వచ్చిన మనిషే అయి ఉండాలి."

"శిక్షణ ఉండాదిలే నాయనా. పొద్దున్నే లేచి ఊరోళ్ళ గోడలు అలికి నేర్చుకున్న శిక్షణ అది. ఏసింది మా యమ్మ," అన్నాను. ఆయన మొహంలో ఒక చిన్న నవ్వు వచ్చి పోయింది. వయసు మీద పడిన మనిషి ఏదో అంటోంది, అననీలే అనే నవ్వు. ఆ నవ్వు నన్ను ఇప్పటికీ కాలుస్తోంది.

మాది బద్వేలుకు ఆరేడు మైళ్ళ దూరంలో ఒక ఊరి పక్కనున్న మాలపల్లె. ఎటు చూసినా నల్ల బండలు, వాటి మధ్య ఎర్రమన్ను, ఆ మన్నులో సజ్జ, కొర్ర, వాన పడిన ఏడు కాస్త వేరుశనగ. మా నాయన పెంచలయ్య పెద్దరెడ్డి గనిలో బండలు చీల్చేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. రెండు చెంబుల నీళ్ళుంటే అది పోయేది గానీ ఒక చెంబే ఇచ్చేవాళ్ళం. మా జేజి, అంటే నాయన తల్లి, వాకిట్లో గోడకు ఆనుకుని పొగాకు కాడ బుగ్గన పెట్టుకుని కూర్చుని, వచ్చేపోయే మనిషినల్లా ఏదో ఒకటి అడిగేది. అమ్మ పేరు ఓబులమ్మ. బాప్తిస్మం ఇచ్చినప్పుడు చర్చి పుస్తకంలో ఆశీర్వాదమ్మ అని రాశారు, ఆ పేరుతో ఆమెను పిలిచిన మనిషి లేడు.

అమ్మది గోడల పని. ఊళ్ళో పెద్దోళ్ళ ఇళ్ళకు బయటి గోడలు మెత్తడం, సున్నం కొట్టడం ఆమె పని. అందుకే మా ఇంట్లో ఎప్పుడూ ఒక వాసన ఉండేది. నానిన సున్నం ఘాటు, కరక్కాయలు ఉడికిన నీళ్ళ వగరు, బెల్లపు పాకం పులుపెక్కిన వాసన, ఇవన్నీ కలిసినది. ఆ నీళ్ళు సున్నంలో కలిపితే గోడ రాయిలా గట్టిపడుతుంది. మేము తాగడానికి లేని బెల్లం నీళ్ళు ఊరివాళ్ళ గోడలు తాగేవి. అమ్మ చేతుల చర్మం సున్నానికి పగిలి, వేళ్ళ సందుల్లో ఎర్రటి గీతలు ఉండేవి. సంగటి ముద్ద చేసేటప్పుడు మంటకు ఒక్కసారి పళ్ళు బిగించి ఊరుకునేది. ఆ చేతులు వాళ్ళ గోడల్ని ముట్టుకోవచ్చు. వాళ్ళ బావి తాడును ముట్టుకోకూడదు. ఇందులో వింత ఏమైనా ఉందని ఆ ఊళ్ళో ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే నాకు పళ్ళు కొరుక్కోవాలని ఉంది, అప్పుడు మాత్రం నాకూ తోచలేదు.

మా పల్లెకు బావి లేదు. ఊరి బావికి నలభై అడుగుల ఇవతల ఒక బండ ఉండేది. ఆడవాళ్ళం కడవలు తీసుకుపోయి ఆ బండ దగ్గర వరసగా నిలబడాలి. ఊరి మనిషి ఎవరైనా దయ తలిచి చేదితే, మా కడవ బండ మీద పెట్టి వెనక్కి తప్పుకోవాలి. వాళ్ళు పైనుంచి పోసేవాళ్ళు. సగం కడవలో, సగం బండ మీద. ఒక్కోరోజు పొద్దెక్కేదాకా ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. కాలే బండ మీద ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద పెట్టుకుంటూ నిలబడేవాళ్ళం. నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పుడు, ఒక ఎండాకాలం, అమ్మ ఆ వరసలోంచి ఖాళీ కడవతో ఇంటికి వచ్చేసింది. నీళ్ళేవని జేజి అరిచింది. అమ్మ కడవ దించి, గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు గానీ, తర్వాత వాన పడేదాకా గానీ ఆమె ఎక్కువ మాట్లాడలేదు. మూడేళ్ళ తర్వాత నాకు చెప్పింది ఆ రోజు ఏం చూసిందో. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అవే మాటల్లో చెప్పేది, ఒక్క మాట పెంచేది కాదు.

"నా ముందర మంగమ్మ ఉండాది. మంగమ్మ ముందర ఆయన. నడుం మీద కడవ పెట్టుకోని నిలబడుకోనుండాడు. మొగోడు కడవ ఎత్తుకోనొచ్చినాడే అనుకున్యా. అప్పుడు కాళ్ళు చూసినా. బొబ్బలు లేచి పగిలిపోయినాయి. బండ కాలుతాంటే ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుంటాండాడు, మన మాదిరే. అప్పుడు తెలిసింది నాకు ఆయన ఎవురో."

"నీతో ఏమన్యాడుమా?"

"ఏమంటాడు మే? వరసలో ఉండేవాడు ఏమంటాడు? ఆయనా కాచుకోనుండాడు."

మా సంఘానికి అప్పుడు పాస్టరు లేడు. దైవాధీనం అనే ఉపదేశి ఒకాయన ప్రార్థనలు నడిపేవాడు, పిల్లలకు అక్షరాలు నేర్పేవాడు. అమ్మ వెళ్ళి ఆయనకు చెబితే, "ఎండదెబ్బ తగిలుంటాది ఓబులమ్మా, మజ్జిగ తాగు," అన్నాడు. మజ్జిగ ఎవరిస్తారో చెప్పలేదు. అమ్మ ఇంకెవరికీ చెప్పలేదు. శుక్రవారాలు పొయ్యి మీద మాకు వండిపెట్టి తను పస్తుండేది. ప్రార్థన చేస్తుందా అంటే, పెదవులు కదలడం నేను చూడలేదు. ఊరికే ఇంటి గోడ ముందు కూర్చునేది. కొన్నాళ్ళకు ఆ గోడ మీద బొగ్గుతో గీతలు మొదలయ్యాయి. గీసేది, చూసేది, పేడనీళ్ళతో అలికేసేది. "రాలే," అనేది. "ఆయన నలుపు రాలే. మసి పూస్తే మసే అగుపడతాండాది, మనిషి అగుపడలే." గోడకు దయ్యం పట్టిందని జేజి సణిగేది. నాయన మాత్రం ఒకరోజు గనిలో రెండు బండల మధ్య దొరికిన పసుపుపచ్చ మన్ను గోచి గుడ్డలో మూట కట్టుకుని వచ్చి అమ్మ ముందు పెట్టాడు. మా నాయన జీవితంలో ఎవరికైనా ఇచ్చిన కానుక నేను చూసింది అదొక్కటే.

నలుపు ఎలా రావాలో అమ్మకు చెప్పింది ఉపదేశి కాదు, దొర కాదు. బద్వేలులో బట్టలకు రంగులద్దే మస్తాన్ సాయిబు. సంతకు పోయినప్పుడల్లా అమ్మ ఆయన తొట్ల దగ్గర నిలబడేది. నన్నూ పక్కన నిలబెట్టుకునేది. ఒకరోజు ఆయన నవ్వి, "ఏమ్మా, గుడ్డ తేలేదు, ఊరికే చూస్తాండావు," అన్నాడు. అమ్మ తన కష్టం చెప్పింది. ఎవరి నలుపు అని ఆయన అడగలేదు. నీలి తొట్టిలోంచి ఒక గుడ్డ ఎత్తి చూపించాడు. "ఒక్కసారికే చిక్కగా ముంచితే అది రంగు కాదమ్మా, మరక. పలచని నీళ్ళల్లో ముంచల్ల, ఆరనియ్యల్ల, మళ్ళా ముంచల్ల. పదిసార్లు ముంచితే రంగు లోపల్నుంచి పైకొస్తాది. నీకు తొందరుంటే రాదు." ఒక చిన్న నీలి ముద్ద కాగితంలో చుట్టి ఇచ్చాడు. అమ్మ దారి పొడుగునా దాన్ని అరచేతిలో పట్టుకుని నడిచింది. మా పల్లె కనబడ్డాక, "గోడ గూడా అంతే గదా మే," అంది. "సున్నం పలచగా ఏడుసార్లు కొడితేనే గదా తెల్లగయ్యేది. ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఉండాది, నాకు తెల్దు."

చర్చిలో ప్రసంగబల్ల వెనక గోడ వాన నీటికి పెచ్చులూడుతుంటే, దాన్ని కొత్తగా మెత్తి పూలో లతలో వేస్తానని అమ్మ ఉపదేశిని అడిగింది. పూలే కదా అని ఆయన సరేనన్నాడు. అప్పటికి యుద్ధం రోజులు. నన్ను కడపలో మిషను వాళ్ళ బోర్డింగులో చేర్చారు, సెలవులకే ఇంటికొచ్చేదాన్ని. అందుకని ఆ పని మొదలు నుంచి చివరిదాకా నేను చూడలేదు, వచ్చినప్పుడల్లా కొంత చూశాను. గోడను ముందు మన్నుతో, తర్వాత కరక్కాయ నీళ్ళ సున్నంతో మెత్తి, గుండ్రాయితో రుద్ది రుద్ది నున్నగా చేసింది. వడగట్టిన సున్నపు తేట ఏడుసార్లు కొట్టింది. ఆ పైన బొగ్గుతో గీతలు. ఆ పైన రంగు. ఎర్ర జాజు, నాయన తెచ్చిన పసుపుమన్ను, దీపపు మసి, నీలి, ఇంతే ఆమె రంగులు. తుమ్మబంక నీళ్ళలో కలిపి, మజ్జిగ తేటలా పలచగా చేసి, ఈతపుల్ల చివర నమిలి చేసుకున్న కుంచెతో అద్దేది. ఆయన ఒంటికి ముందు జాజు. అది ఆరాక దాని మీద సున్నపు తేట ఒక్క చెయ్యి. ఆ తెలుపు కింద ఎరుపు సగం మునిగి కనబడేది. దాని మీద నీలి. మళ్ళీ తేట. మళ్ళీ జాజు, ఆ తర్వాత మసి. వారానికి ఒక్క పొర, అదీ శుక్రవారం, అదీ పస్తు కడుపుతో. "తిని ఏస్తే చెయ్యి బరువైతాది," అనేది. నేను ఒక సెలవులకు వచ్చేసరికి ఆయన రంగు ఎర్రగా ఉంది, ఇంకో సెలవులకు బూడిదరంగు. మూడోసారి వచ్చినప్పుడు తలుపులోంచి ఎండ పడి ఆ నలుపు లోపలినుంచి వెచ్చగా వెలుగుతోంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నాకు భయం వేసింది. ఆ తర్వాత నాకు చాలా బొమ్మలు చూసే వీలు దొరికింది, పెద్ద పెద్ద ఊళ్ళలో చూశాను. ఆ భయం మళ్ళీ వేయలేదు.

బొమ్మలో పూలు లేవు. బావి ఉంది, ఇవతల బండ ఉంది, వరసలో మా ఆడవాళ్ళు కడవలతో ఉన్నారు. వాళ్ళ మధ్య ఆయన, నడుం మీద ఖాళీ కడవతో, ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుని. ఉపదేశి మొదట గాబరాపడి దానికి అడ్డంగా చాప కట్టించాడు. చాప ఎత్తి చూడని మనిషి మా పల్లెలో మిగల్లేదు. "నా ముక్కు అంత పొడుగుండాదా ఓబులక్కా?" అని మంగమ్మ అడిగితే అందరూ పడీ పడీ నవ్వారు. జేజి తన బొమ్మ ముందు నిలబడి బుగ్గలోని పొగాకును తడుముకుని, "దీన్ని గూడా ఏసిందే," అంది. తర్వాత ఆయన కాళ్ళు చూసి, వంగి, ఆ పగుళ్ళ మీద చెయ్యి పెట్టి చాలాసేపు లేవలేదు. ఆ నవ్వు, ఆ చెయ్యి తలుచుకుంటే నాకు తెలుస్తుంది, మా వాళ్ళను మేము ఒక గోడ మీద చూసుకోవడం అదే మొదటిసారి.

క్రిస్మస్‌కు ప్రతి ఏడూ పెద్దరెడ్డి వచ్చేవాడు. చర్చి బయట కుర్చీ వేస్తే కూర్చుని, నిమ్మకాయ పుచ్చుకుని, దండ వేయించుకుని పోయేవాడు. ఆ ఏడు అకాలంగా వాన దిగింది. ఉపదేశి ఆయన్ను లోపలికి పిలిచాడు. పండగని చాప తీసేసి ఉంది. పెద్దరెడ్డి గోడకేసి చూసి, దగ్గరికి పోయి, మళ్ళీ చూశాడు. పాటలు ఆగిపోయాయి.

"ఇది మా బాయి గదా?" అన్నాడు. "మెట్టు విరిగిన చోటు గూడా ఏసినారే. ఎవురు ఏసింది?"

"నేనే సామీ," అంది అమ్మ, ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి.

"మా బాయిని గుళ్ళో పెట్టి మా మీద దేవునికి చాడీలు చెప్తాండారా?"

"లేదు సామీ. ఆయన వచ్చింది ఏసినా, అంతే."

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. దండ తీసి కుర్చీ మీద పెట్టి వానలోనే వెళ్ళిపోయాడు. మరునాడు బండ దగ్గర మా కడవల్లో ఎవరూ నీళ్ళు పోయలేదు. ఆ మరునాడూ పోయలేదు. గనిలోకి మా మగవాళ్ళను రానివ్వలేదు. వంక ఇసుకలో చెలమలు తవ్వి, మురికినీళ్ళు గుడ్డలో వడబోసుకుని తాగాం. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. అయినా మా పల్లెలో ఒక్కరు కూడా వచ్చి ఆ బొమ్మ చెరపమని అమ్మతో అనలేదు. ఇది ఎక్కడా రాసి లేదు, నేను రాస్తున్నాను.

ఐదో రోజు కడప నుంచి దొర వచ్చాడు. తెల్లగా, పొడుగ్గా, చెమటలు కక్కుతూ, పుస్తకం చదివినట్టుండే తెలుగుతో. ఆయన చెడ్డవాడు కాదు, జ్వరం వస్తే బిళ్ళలిచ్చేవాడు, నాకు చదువు చెప్పించింది ఆ మిషనే. అందుకే ఆయన మీద కోపం నాకు ఇంకా ఎక్కువ. "ఓబులమ్మా, దేవునికి రూపం కల్పించుట పాపమని నీకు తెలియదా? ప్రజలు దీనికి మొక్కుదురు," అన్నాడు.

"మొక్కేదానికి ఏయలే దొరా. ఆయన యాడ నిలబడుకోనుండాడో చూపిచ్చేదానికి ఏసినా."

"ప్రభువును ఇంత నల్లగా ఎందుకు చేసితివి?"

"అంత ఎండలో నిలబడితే తెల్లగుంటాడా దొరా?"

దొర మొహం ఎర్రబడింది. చర్చి ఉన్న చోటు పెద్దరెడ్డి నోటిమాట మీద ఇచ్చినదనీ, కాగితం లేదనీ, ఆయన్ను నొప్పించి సంఘం నిలవదనీ ఉపదేశికి వివరంగా చెప్పాడు. సాయంత్రంలోగా గోడకు సున్నం కొట్టాలన్నాడు. ఉపదేశి పల్లెంతా తిరిగాడు. సున్నం కొట్టడం వచ్చిన చేతులు పది ఉన్నాయి, ఒక్క చెయ్యి కూడా లేవలేదు. అప్పుడాయన మా ఇంటి వెనక తుమ్మచెట్టు దగ్గర నిలబడి ఉన్న నా దగ్గరికి వచ్చాడు. నాకు పదహారేళ్ళు.

"శాంతమ్మా, దొర నీ సీటు మాట ఎత్తినాడు. ఇంగొక ఏడుంటే టీచరు ట్రైనింగు గదా నీకు? ఇట్లాంటి ఇంటి పిల్లను ఎట్ల పెట్టుకునేది అంటాండాడు." నేల చూస్తూ అన్నాడు. "నువ్వు కొడితే మెల్లగా కొడతావు. బయటోళ్ళను పిలిపిస్తే గడ్డపారతో గీకి పారేస్తారు. ఆలోచించుకో తల్లీ."

నేను పెద్దగా ఆలోచించలేదు. ఆ మాట కూడా రాయాలి. నాకు అంచు ఉన్న తెల్లచీర కావాలి, బల్ల వెనక కుర్చీ కావాలి, బండ మీద నిలబడకుండా నీళ్ళు కావాలి. ఆ మూడూ నా కళ్ళకు కనబడ్డాయి. బొమ్మ కనబడలేదు. ఇంట్లో అమ్మ సున్నపు చట్టి, కిత్తనార కుంచె తీసుకుని చర్చికి పోయాను. దొర, ఉపదేశి బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. ముందు బొమ్మలో ఆయన మొహం మీద కొట్టాను, ఆయన చూస్తుంటే మిగతాది చేయలేనని. పచ్చి సున్నం కింద నుంచి నలుపు ఇంకా కనబడుతూనే ఉంది. నేను ఏడుస్తూ ఇంకా గట్టిగా రుద్దాను.

వెనక అలికిడైతే తిరిగి చూశాను. అమ్మ. ఎవరు చెప్పారో, ఎప్పుడు వచ్చిందో. నా చేతిలో కుంచె వైపు చూసింది, చట్టి వైపు చూసింది.

"వడగట్టినావా?" అంది.

"లే."

"గడ్డలుండాయి. గోడకు గీతలు పడతాయి."

చట్టి తీసుకుని, తన కొంగు దాని మీద పరిచి, ఇంకో కుండలోకి సున్నం వడగట్టింది. కొంగులో మిగిలిన గడ్డలు బయట పారబోసి వచ్చింది. ఆ కుండ నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. నేను మూడు చేతులు కొట్టాను. తెల్లారి బండ దగ్గర నీళ్ళు పోశారు. అమ్మ కడవ తీసుకుని వెళ్ళి, ఎప్పటిలాగే మంగమ్మ వెనక నిలబడింది.

ఆ తర్వాత ఆమె ఇంకో ఇరవయ్యేళ్ళు బతికింది. ఊరివాళ్ళ గోడలు అలికింది, సున్నం కొట్టింది. ఆదివారాలు చర్చి లోపలికి రాకుండా బయట ఆ గోడకే ఆనుకుని కూర్చుని ప్రసంగం వినేది. రంగు ముట్టుకోలేదు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు తలకు నూనె రాసి, "బాగా చెప్పు పిల్లోళ్ళకు," అంది. ఆ గోడ మాట నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. స్వాతంత్ర్యం వచ్చిన రోజు మా ఊళ్ళో జెండా ఎగరేసి బూందీ పంచారు. మా పిల్లలకు దూరం నుంచి దోసిళ్ళలోకి పోశారు, నీళ్ళు పోసినట్టే. దేశానికి వచ్చింది ఆ బండ దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మా పల్లెలో అడగండి. ఇప్పుడు ఇంటింటికీ కొళాయి ఉంది. బావి పూడిపోయింది. బండను పగలగొట్టి ఎవరో పునాదికి వేసుకున్నారు. బాగానే ఉంది, కాదనను. కానీ అప్పుడు నీళ్ళు ఆపినవాడి మనుమడి పేరు ఇప్పుడు చర్చి గోడ మీద పాలరాతి మీద చెక్కుతారు. బొమ్మ వేసిన మనిషి పేరు దొరసాని అవుతుంది. అప్పుడు చేత్తో తోసేశారు, ఇప్పుడు శాలువాతో తోసేస్తున్నారు. ఇంతే నాకు కనబడుతున్న తేడా.

ఇదంతా ఆ ముగ్గురికీ చెప్పాను. పాస్టరు తల వంచుకున్నాడు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన మంచి మనిషే, నన్ను ఓదార్చాలనుకున్నాడు. "ఒక రకంగా చూస్తే మీరు కొట్టిన సున్నమే దాన్ని కాపాడిందమ్మా. లేకపోతే ఎండకూ వానకూ ఎప్పుడో పోయేది. మీ అమ్మగారు వడగట్టి ఇచ్చింది అందుకేనేమో."

ఆ మాటకు నాకు వచ్చినంత కోపం దొర మీద కూడా ఎప్పుడూ రాలేదు. "ఆ మాట నాకు ఇయ్యొద్దు నాయనా," అన్నాను. "ఆమె ఎందుకు వడగట్టిందో నాకు తెల్దు, నీకూ తెల్దు. చెప్పలే ఆమె. నేను చెడ్డ పని చేసినా. దాన్ని మంచి పని చేసి నా చేతిలో పెట్టొద్దు." ఆయన బిత్తరపోయి కెమెరా సర్దుకున్నాడు.

వారం తిరక్కుండా నేనే ఊరికి పోయాను. గోడ చాలావరకు బయటపడింది. ఆయన ఉన్నాడు, మంగమ్మ ఉంది, జేజి బుగ్గ ఉబ్బెత్తుగా ఉంది. వరస చివర కడవ ఎత్తుకున్న ఆడమనిషికి మాత్రం మొహం లేదు. జాజు ఒక్క పొర, దాని మీద తేట, అంతే. కళ్ళు లేవు, ముక్కు లేదు. అది అమ్మ. అందరివీ అయ్యాక తనది వేసుకుందామని ఆగింది. పండగ అయ్యాక వేస్తానంది. పండగ అయ్యాక నేను కొట్టింది సున్నం. ఆ చివరి మనిషి ముందు నిచ్చెన వేసుకుని, పక్క ఊళ్ళో అంగళ్ళకు బోర్డులు రాసేవాడు ఒకడు నూనెరంగు డబ్బా విప్పుతున్నాడు. చివరి మనిషి అమ్మేనని నేను ఇంటి దగ్గర చెప్పాను కదా, ఆవిష్కరణకు బొమ్మ వెలితిగా ఉండకూడదని ప్రకాశం పిలిపించాడట.

"మంచిదే వచ్చినారు టీచరమ్మా," అన్నాడు ప్రకాశం. "మీ అమ్మ ఫోటో ఏదన్నా ఉంటే ఇయ్యండి. చూసి ఏస్తాడు."

మా అమ్మకు ఫోటో లేదు. ఎవరు తీస్తారు? "ఎట్లుండేది ఆయమ్మ? చెప్తే గూడా ఏస్తానమ్మా," అన్నాడు బోర్డులవాడు, పాపం, మర్యాదగానే. నేను నోరు తెరిచాను. చేతులు గుర్తొచ్చాయి, వేళ్ళ సందుల్లో గీతలు గుర్తొచ్చాయి, కొంగులో సున్నపు గడ్డలు గుర్తొచ్చాయి. మొహం రాలేదు. ఇరవయ్యేళ్ళు ఆ మొహంలోకి నేరుగా చూడలేదు నేను. అది ఆ గోడ మీద తప్ప ఇంకెక్కడా మిగిలి ఉండే వీల్లేదు, అక్కడ లేకుండా చేసింది నేను.

"దిగప్పా కిందికి," అన్నాను. "డబ్బా మూసి దిగు. ఆ మొగం జోలికి పోతే చెయ్యి విరుస్తా." డెబ్బై దాటిన మనిషిని, ఎవరి చెయ్యీ విరవలేను. అయినా వాడు దిగాడు. ప్రకాశం నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, పత్రిక మళ్ళీ అచ్చేయిస్తామనీ, దొరసాని పేరు తీసేసి ఓబులమ్మ పేరే వేయిస్తామనీ, ఆదివారం నేను నాలుగు మాటలు మాట్లాడాలనీ అన్నాడు. "కాకుంటే టీచరమ్మా, మీరు సున్నం కొట్టిన మాట, ఆ పెద్దరెడ్డి మాట వద్దులే. ఆయన మనుమడు ముందు వరసలో కూర్చోనుంటాడు. బాగుండదు."

"రెండూ చెప్తా. లేకుంటే ఆమె పేరు గూడా నా నోటితో చెప్పను," అన్నాను.

అతను ఏమీ తేల్చకుండా బయటికి పోయాడు. బోర్డులవాడు నిచ్చెన అక్కడే వదిలి వెళ్ళాడు. మళ్ళీ వస్తాడేమో. నేను ఒక కుర్చీ లాక్కుని, ఆ మొహం లేని మనిషికి ముందు, గోడకు వీపు పెట్టి, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.